పోయిన కన్నే కదా!

చూపు పోయిన కన్ను నొప్పి పెడుతుందని అప్పటిదాకా నాకు తెలియదు. 2023 ఏప్రిల్‌లో, మిర్చి యార్డులో సీజన్ ఇంకా జోరుగా ఉండగానే, ఒక రాత్రి కుడికన్ను వెనక మొదలైన పోటు తెల్లారేసరికి సగం తల పట్టేసింది. వాంతులయ్యాయి. మా ఆవిడ పైత్యం అనుకుని నిమ్మకాయ నీళ్ళు కలిపిచ్చింది. మా అబ్బాయి హైదరాబాదు నుంచి ఫోన్‌లో, "బీపీ చూపించావా నాన్నా?" అన్నాడు. కంటి మాట ఒక్కరికీ తోచలేదు. తోచకపోవడంలో వింతేమీ లేదు. ఆ కన్ను ఫిబ్రవరిలోనే పోయింది. దాని ఖాతా మూసేశామనే అందరం అనుకున్నాం.

రెటీనాకి రక్తం తెచ్చే ధమని మూసుకుపోయి చూపు పోవడం ఒక దెబ్బ. చూపు పోయాక అదే కంట్లో మొదలయ్యేది ఇంకో దెబ్బ. మొదటిదాని గురించి అందరూ అడుగుతారు, రెండోదాన్ని ఎవరూ నమ్మరు. నేను చెప్పదలచుకుంది ఎక్కువగా ఈ రెండోదాని సంగతే. కానీ మొదటిది చెప్పకపోతే ఇది అర్థం కాదు.

నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమస్తాని. రైతు తెచ్చిన టిక్కీలు దింపించడం, లాటు పెట్టించడం, కొనేవాళ్ళు వచ్చినప్పుడు కాయ చూపించడం, కాటా దగ్గర నిలబడడం, ఇదీ పని. తేజ కాయనీ, మూడువందల ముప్ఫై నాలుగు రకాన్నీ పక్కపక్కన పోస్తే కొత్తవాడికి రెండూ ఎరుపే. మాకు మాత్రం ఏది కోల్డ్ స్టోరేజీలో పడుకుని వచ్చిన కాయో, ఏది మొన్న కళ్ళంలో ఎత్తిన కాయో రంగు చెప్పేస్తుంది. తాలు ఎంత కలిసిందో గుప్పెట్లో కాయ చూసి చెప్పాలి. బాడిగ కాయకి ముడతే అందం. మొత్తం మీద కళ్ళతో బతికే పని.

చూపు పోయిన రోజు పొద్దున ఒక వ్యాపారికి బాడిగ లాటు చూపిస్తున్నాను. కాయ తుంచి అరచేతిలో పెట్టి ఆయన ముందుకి చాచాను. ఆయన మొహం కుడిపక్క సగం లేదు. చీకటి పడలేదు. బూడిదరంగు పరుచుకుంది. కళ్ళు నలిపాను. ఎడమ కన్ను అరచేత్తో మూశాను. అంతే, మొత్తం బూడిద. కణత పక్కగా చెయ్యి ఆడిస్తే మాత్రం ఏదో నీడ కదిలినట్టుంది. నొప్పి లేదు, మంట లేదు, నీరు లేదు.

పక్క కొట్టు కుర్రాడు, "ఘాటు తగిలింది బాబాయ్, నీళ్ళు కొట్టు," అన్నాడు. యార్డులో కంటికి ఏమైనా మొదట అనేమాట అదే. అందరూ కలిసి నా మొహం మీద బిందెడు నీళ్ళు కొట్టారు. మిరప ఘాటు ఎలా ఉంటుందో నాకు తెలియదా? అది మండుతుంది, కన్ను తెరవనివ్వదు. ఇది హాయిగా తెరిచే ఉంది, చూడడమే మానేసింది. ఆ మాట చెబితే కుర్రాడికి అర్థం కాలేదు. ఇంకో చెంబు పోశాడు.

దీనికి ముందు ఒక హెచ్చరిక వచ్చింది. సంక్రాంతి వెళ్ళిన కొత్తల్లో, టీ బడ్డీ దగ్గర నిలబడి ఉండగా అదే కన్ను ఉన్నట్టుండి మసకేసి, రెండు మూడు నిమిషాల్లో దానంతట అదే తేటపడింది. పక్కనున్నాయన, "గ్యాస్ తలకెక్కింది, సోడా తాగు," అన్నాడు. మా వైపు గ్యాస్ ఎక్కని అవయవం లేదు. దాన్ని డాక్టర్లు అమరోసిస్ ఫ్యూగాక్స్ అంటారని, మెడ దగ్గరి రక్తనాళంలోంచి చిన్న ముక్క ఊడి కంటి నాళంలో క్షణకాలం ఇరుక్కుని జారిపోతే అలా అవుతుందని, పెద్ద ముక్క వచ్చేలోగా పంపిన కబురు లాంటిదని తర్వాత తెలిసింది.

యార్డుకి దగ్గర్లో ఉన్న ఒక కళ్ళాస్పత్రికి ఆటోలో వెళ్ళాను. టోకెను తీసుకుని కూర్చోమన్నారు. అక్షరాలు చదివించే అమ్మాయి కుడికంటితో పై అక్షరం కనబడుతుందా అంది. ఏ అక్షరం అమ్మా, బోర్డే లేదు అన్నాను. చాలాసేపటికి లోపలికి పిలిచారు. "శుక్లం మొదలైంది, లోపల రెటీనాలో కూడా ఏదో ఉంది, రెటీనా డాక్టరుకి చూపించుకోండి. రేపైనా పర్లేదు," అని చుక్కలు రాసిచ్చారు. మా బావమరిది మందుల కంపెనీలో రిప్రజెంటేటివ్‌గా చేసి మానేసిన మనిషి. ఆ చీటీ చూసి, "రేపేంది బావా, ఎక్కు," అని కారు విజయవాడకి తిప్పాడు. అక్కడ రెటీనా డాక్టరు బల్ల మీద పడుకునేటప్పటికి పొద్దు వాలింది.

ఆవిడ చిన్న వయసు డాక్టరు, మా అబ్బాయి ఈడుంటుంది. తలకి దీపం కట్టుకుని ఒక భూతద్దం లాంటిది చేత్తో పట్టుకుని చూసింది. చూస్తూనే నా మూసిన రెప్ప మీద బొటనవేలు పెట్టి గట్టిగా అదిమింది. కాసేపు అదమడం, చటుక్కున వదలడం, మళ్ళీ అదమడం. లోపల ఒత్తిడి ఒక్కసారి తగ్గితే ఇరుక్కున్న ముక్క ముందుకి జరుగుతుందేమోనని. డయామాక్స్ మాత్రలు మింగించారు. తర్వాత సన్న సూదితో కంటి ముందుభాగంలోంచి ఒక చుక్క నీరు లాగారు. అదీ అందుకే. "ఫలితం ఉంటుందని చెప్పలేను అంకుల్," అని మొదటే చెప్పేసింది. ఆ నిజాయితీ నాకు నచ్చింది, ఆ మాట మాత్రం నచ్చలేదు.

రెటీనా అంతా పాలిపోయి ఉందట. నడిమధ్య మాత్రం ఎర్రచుక్క. చూపుకి కేంద్రమైన ఆ చోట రెటీనా పొర పల్చగా ఉంటుంది. దాని అడుగున ఉన్న పొరకి రక్తం వేరే దారిన వస్తుంది కాబట్టి, చుట్టూ అంతా పాలిపోయినా అక్కడ ఎరుపు పైకి కనబడుతుంది. కొందరికి ఆ మధ్య భాగానికి అడుగు పొర నుంచి ఒక చిన్న నాళం పుట్టుకతోనే అదనంగా ఉంటుందట. అలాంటివాళ్ళకి పెద్ద నాళం పూడినా మధ్యచూపు మిగులుతుంది. నాకా అదృష్టం లేదు.

ఎంతసేపటిలో వస్తే బాగుండేదని అడిగాను. పంజాబ్‌లో పుట్టి అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయంలో పనిచేసిన సోహన్ సింగ్ హైరే అనే నేత్రవైద్యుడి సంగతి చెప్పింది. ఆయన రక్తనాళాలు గట్టిపడిన ముసలి కోతులకి ఈ ధమనినే బిగించి, ఎంతసేపటికి వదిలితే రెటీనా బతుకుతుందో చూశాడట. 97 నిమిషాల వరకు నష్టం లేదు. 240 నిమిషాలు దాటితే తిరిగిరాని నష్టం. అంటే నేను విజయవాడ పొలిమేర తొక్కేసరికే ఆట అయిపోయింది. పోనీ వేళకి వచ్చి ఉంటే? రక్తపు గడ్డ కరిగించే మందుని గొట్టంతో నేరుగా కంటి నాళం దాకా పంపి యూరప్‌లో పరీక్షించారు. ఈగిల్ అనే ఆ పరీక్ష ఫలితాలు 2010లో వచ్చాయి. అదిమి, మాత్రలు మింగించే పాత పద్ధతి కంటే అదేమీ మెరుగు కాలేదు, పైగా ప్రమాదాలు ఎక్కువయ్యాయి. 1859లోనే జర్మనీలో ఫాన్ గ్రేఫె అనే డాక్టరు ఈ జబ్బుని కళ్ళారా చూసి రాశాడు. ఇన్నేళ్ళకీ గట్టి మందు లేదు. అందుకే "రేపైనా పర్లేదు" అన్న డాక్టరు మీద కంటి విషయంలో నాకు పెద్ద కోపం లేదు. కోపం వేరే లెక్కలో ఉంది. అది ఆ రాత్రే అర్థమైంది.

"ఇది కంటికి వచ్చిన పక్షవాతం అంకుల్. ముక్క కొంచెం పక్కదారి పట్టి ఉంటే చెయ్యో మాటో పడిపోయేది. ఇంటికి వెళ్ళొద్దు," అని అక్కడినుంచే న్యూరాలజీ ఉన్న ఆస్పత్రికి రాసింది. కన్ను పోయిందని ఏడవాలో, మెదడు మిగిలిందని మొక్కుకోవాలో తెలియక మా ఆవిడ చీటీ పట్టుకుని నిలబడిపోయింది. ఎంఆర్ఐలో మెదడు కుడిపక్క రెండు చిన్న మచ్చలు కనబడ్డాయి, తాజావి. నాకు వాటివల్ల ఏమీ తెలియలేదు. గుండెకి ఎకో తీశారు. ఈఎస్ఆర్ చేశారు, వయసు మళ్ళినవాళ్ళకి రక్తనాళాలు వాచే జబ్బు ఒకటుందట, అదైతే రెండో కన్ను కూడా పోయే ప్రమాదం ఉంటుందని. అది కాదు. మెడకి డాప్లర్ చేస్తే దొరికింది దొంగ. కుడివైపు కెరోటిడ్ ధమని ఎనభై శాతం పూడిపోయి ఉంది. కంటికి వెళ్ళే నాళం ఆ ధమని పెట్టిన కొమ్మే. సుగరు, బీపీ, దశాబ్దాల సిగరెట్లు కలిసి లోపల కట్టుకున్న పుట్ట అది.

ఇలాంటి దెబ్బ తగిలాక మొదటి వారాల్లోనే పక్షవాతం భయం ఎక్కువట. అందుకని రెండు వారాలు తిరక్కుండానే మెడ కోసి ఆ పూడిక తీశారు. సర్జన్ దాన్ని చిన్న సీసాలో వేసి చూపించాడు. పసుపుపచ్చగా, గట్టిగా, ఒక చివర గరుకుగా పగిలి ఉంది. చిటికెన వేలి గోరంత ఆ పగులులోంచి ఊడిన చిన్న ముక్కే నా కంట్లోకి వచ్చిందన్నమాట. చాలాసేపు చూశాను. మా ఆవిడ అటు తిరిగి, "ఆ సీసా తీసేయండి బాబూ," అంది.

అక్కడితో అయిపోయిందనుకున్నాం. చూడ్డానికి వచ్చినవాళ్ళంతా, "శుక్లమా?" అనే మొదలుపెట్టేవాళ్ళు. కాదంటే నిరాశపడేవాళ్ళు. ఆపరేషన్ చేస్తే వచ్చేస్తుందని చెప్పడానికి సిద్ధంగా వచ్చేవాళ్ళు మరి. మా వదిన వరసగా పొన్నగంటి కూర పప్పులో వేసి, పులుసు పెట్టి, వేపుడు చేసి పంపింది. కళ్ళకి మంచిదే కావచ్చు గానీ పూడిన ధమనికి అది ఏం చేయగలదు? రుచిగా ఉంది, తిన్నాను. అందరూ లేచేముందు అనేమాట ఒక్కటే: "ఇంకో కన్ను బాగుందిగా, అదే పదివేలు."

మార్చిలో మళ్ళీ యార్డుకి వెళ్ళాను. లారీ మీంచి దిగేటప్పుడు అడుగు ఎంత లోతుకి వెయ్యాలో తెలిసేది కాదు. టీ గ్లాసు అందుకోబోతే వేళ్ళు గ్లాసుకి బెత్తెడు ఇవతలే మూసుకునేవి. కుడిపక్క నుంచి బస్తా ఎత్తుకుని వచ్చే హమాలీ, "పక్క పక్క" అని అరిచేదాకా ఉన్నట్టు తెలియదు. కానీ కాయ రంగు ఒక్క కంటికి కూడా దొరికింది. దాంతో ధైర్యం వచ్చింది.

ఇక్కడ నాకు ఒక ఫిర్యాదు ఉంది. విజయవాడ డాక్టరు నా కాయితాల మీద నెలనెలా కన్ను చూపించుకోమని రాసింది. విజయవాడ దాకా ఎందుకు, దగ్గర్లోనే చూపించుకుందాం అని మావాళ్ళు ఊళ్ళోనే ఒక పేరున్న చోటికి తీసుకెళ్ళారు. పేరున్నది కాబట్టే పేరు రాయను. వెళ్ళగానే ఒక సిస్టర్ వరసలో కూర్చున్న అందరికీ కంట్లో చుక్కలు వేసుకుంటూ పోయింది, కనుపాప పెద్దదవడానికి. నాకూ వేసింది. ముప్పావు గంట కళ్ళు మూసుకుని కూర్చున్నాక డాక్టరు లోపలికి చూసి, "రెటీనా ఎండిపోయింది. చేసేదేమీ లేదు. ఆర్నెల్లకు రండి," అన్నాడు. పోయిన కన్ను చూడ్డం కూడా శ్రమే అన్నట్టుంది ఆ తీరు.

ఆ చుక్కలే కొంప ముంచాయని తర్వాత తెలిసింది. రెటీనా ధమని పూడిన మనిషి తిరిగి వచ్చినప్పుడు మొదట చూడాల్సింది లోపల కాదు, బయట. కనుపాప చుట్టూ ఉండే నల్లటి భాగం అంచున కొత్త రక్తనాళాలు పుడుతున్నాయా అని, చుక్కలు వెయ్యకముందే, పెద్దగా చూపించే దీపంతో వెతకాలి. చుక్కలు వేస్తే ఆ భాగం ముడుచుకుపోతుంది. వెంట్రుక కంటే సన్నటి ఆ ఎర్ర దారాలు మడతల్లో కనబడకుండా పోతాయి. నా కంట్లో అవి ఆ రోజుకే ఉన్నాయో లేదో ఎవరూ చెప్పలేరు. ఎవరూ చూడలేదు కాబట్టి.

ఏప్రిల్ రాత్రి సంగతికి వస్తాను. తెల్లారి అద్దంలో చూసుకుంటే కన్ను ఎర్రగా, నల్లగుడ్డు మీద మంచు పట్టినట్టుంది. ముట్టుకుంటే గోళీకాయలా గట్టిగా ఉంది. మళ్ళీ బావమరిది, మళ్ళీ అదే కారు. దారిలో వారధి మీద ఆపించి వాంతి చేసుకున్నాను. డాక్టరు నన్ను చూస్తూనే, చుక్కల జోలికి పోకుండా, గడ్డం స్టాండు మీద పెట్టించి దీపం వేసింది. పక్కనున్న కుర్ర డాక్టర్ని పిలిచి చూడమంది. తర్వాత కంటి ఒత్తిడి కొలిచింది. మామూలుగా పదికీ ఇరవై ఒకటికీ మధ్య ఉండాలట. నాకు 52.

"నీటికాసులు అంకుల్. మామూలువి కావు, కొత్త రక్తనాళాల వల్ల వచ్చినవి."

"చూపే లేని కంటికి నీటికాసులేందమ్మా?"

ఆవిడ గుంటూరు జిల్లా మనిషే. నన్ను చూసి నవ్వి, సాగర్ కుడికాలవ కింద చివరి భూముల సంగతి తెలుసుగా అంది. చివరికి నీళ్ళు రాకపోతే రైతులు ఊరుకుంటారా, ఎక్కడబడితే అక్కడ గట్టు తెగ్గొట్టి పిల్లకాలవలు తవ్వుకుంటారు. రక్తం అందని రెటీనా కూడా అలాగే అరుస్తుంది. ఆ అరుపు వీఈజీఎఫ్ అనే ఒక పదార్థం. దాన్ని విని కొత్త నాళాలు పుట్టుకొస్తాయి, కానీ కావలసిన చోట కాదు. కంటి ముందుకు వచ్చి, లోపల ఊరే నీరు బయటికి పోయే తూము మీదే అల్లుకుంటాయి. తూము పూడింది. నీరు ఊరుతూనే ఉంది. ఒత్తిడి పెరగక ఏమవుతుంది? నాళాల విషయంలో చూపు ఉన్న కన్నా లేని కన్నా అన్న తేడా లేదు. చచ్చింది రెటీనా లోపలి పొరలే గానీ కన్నంతా కాదు. నొప్పి చెప్పే నరాలు నిక్షేపంగా ఉన్నాయి.

ఇంకో మాట కూడా చెప్పింది, అది నన్ను బాగా ఆలోచనలో పడేసింది. మెడలో ధమని పూడి ఉన్నన్నాళ్ళూ కంటికి రక్తమే సరిగ్గా అందేది కాదు, కాబట్టి లోపల నీరు కూడా తక్కువే ఊరేది. మెడ బాగుచేశాక రక్తం దండిగా వచ్చింది, నీరు ఊరడం పెరిగింది, తూము మాత్రం అప్పటికే పూడి ఉంది. ప్రాణానికి మంచి చేసిన ఆపరేషనే కంట్లో ఒత్తిడి ఎగదోసి ఉండొచ్చన్నమాట. "అయినా ఆ ఆపరేషన్ చేయించుకోవలసిందే," అంది. కాదనడానికి నేనెవర్ని?

ఈ కొత్త నాళాల బెడద రెటీనా సిర పూడినవాళ్ళలో ఎక్కువని, దానికి డాక్టర్లలో వంద రోజుల నీటికాసులని పేరుందని చెప్పింది. ధమని పూడినవాళ్ళలో అందరికీ రాదు, కొందరికే వస్తుంది. వచ్చేవాళ్ళకి చాలాసార్లు రెండో నెల చుట్టుపక్కల బయటపడుతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే మనిషి, "ఇంక కంటితో పనేముంది," అని ఆస్పత్రి మానేస్తాడు. ఆర్నెల్లకు రమ్మన్న డాక్టరు కూడా ఆ రోజుల్నే వదిలేశాడు.

ఆ పూట మానిటాల్ సీసా ఎక్కించారు. మళ్ళీ డయామాక్స్. ఆ మాత్ర వేసుకుంటే వేళ్ళ చివర్లు, పెదాలు తిమ్మిరెక్కుతాయి, సోడా తాగితే రుచే ఉండదు. టిమొలాల్ చుక్కలు, అట్రోపిన్ చుక్కలు, స్టెరాయిడ్ చుక్కలు. ఒక్కొక్కటి ఒక్కో వేళకి. మా ఆవిడ కాలెండరు వెనక గీతలు గీసుకుంది. ఒత్తిడి కొంత దిగాక కంట్లో అవాస్టిన్ ఇంజక్షన్ చేశారు. అది పెద్దపేగు కాన్సరుకి తయారైన మందు. వీఈజీఎఫ్ నోరు మూయిస్తుంది కాబట్టి కంటివాళ్ళు చిటికెడంత మోతాదులో వాడుకుంటున్నారు. మొన్ననే మెదడుకి దెబ్బ తగిలిన మనిషినని, నన్ను చూసే న్యూరాలజిస్టుతో ఫోన్‌లో మాట్లాడాకే చేసింది ఆవిడ. కొద్ది రోజుల్లో ఎర్ర దారాలు వాడిపోయాయి. కానీ ఆ మందు పని కొన్ని వారాలే. శాశ్వతంగా అరుపు ఆగాలంటే రెటీనాకే లేజరు కొట్టాలి, ఆకలిగొన్న భాగాన్నే కాల్చెయ్యాలి. ఎలాగూ చూడని పొర కాబట్టి నష్టం లేదు. విడతలు విడతలుగా కాల్చారు. ఆ కంటికి వెలుగు తెలియదు, కానీ ఒక్కో దెబ్బకి లోపలెక్కడో సూదిపోటు తెలిసింది.

రెండోసారో మూడోసారో వెళ్ళేటప్పుడు బావమరిది కారు నడుపుతూ, మంచి మనిషే పాపం, "పోయిన కంటికి ఇంత ఖర్చేందక్కా, తీయించేస్తే పోద్దిగా," అన్నాడు. వెనక సీట్లోంచి మా ఆవిడ, "నొప్పి ఆయనకి కదరా," అంది. ఆ తర్వాత కారులో మాటల్లేవు.

తీయించడం సంగతి డాక్టరు కూడా దాచలేదు. అన్నీ చేసినా నొప్పి లొంగకపోతే లోపలిది తీసేసి గుండ్రటి గోళీ లాంటిది పెట్టి, పైన రంగు వేసిన ప్లాస్టిక్ కన్ను అమరుస్తారు. పక్కవాడికి తేడా తెలియదు. అలా చేయించుకున్నాయన్ని వరండాలోనే కలిశాను. బాపట్ల వైపు రైతు. హాయిగా నిద్రపోతున్నానండీ అన్నాడు. నాకు ఆయన మీద అసూయ పుట్టిన మాట నిజం. కానీ దానికంటే ముందు ఇంకో మెట్టు ఉంది. నీరు ఊరే భాగాన్నే డయోడ్ లేజరుతో కొంత కాల్చేస్తారు. తూము తెరవలేనప్పుడు ఊట తగ్గించడం అన్నమాట. కంటి పక్క మత్తు సూది ఇచ్చి చేశారు. మత్తు దిగాక ఒక రాత్రి నరకం చూశాను. ఆ తర్వాత పోటు రాలేదు. ఒత్తిడి ఇరవైల్లోకి దిగింది. కన్ను మిగిలింది. పనికిరాని కన్నే, కానీ నాదే.

సిగరెట్ మానేశాను. ఆస్పిరిన్, కొలెస్టరాల్ మాత్ర రోజూ పడాల్సిందే. ఏడాదికోసారి మెడకి డాప్లర్. ఎడమ మెడలో కూడా కాస్త పూడిక ఉందట. రాత్రి కరెంటు పోయినప్పుడు గుండె ఆగినంత పనవుతుంది. ఎడమ కన్నూ పోయిందా, ఊరంతా కరెంటు పోయిందా? మా ఆవిడ అడక్కుండానే, "కరెంటే లెండి," అంటుంది.

ఆ మరుసటి ఏడు బావమరిది పోరు పడలేక సదరం శిబిరానికి వెళ్ళాను, వికలాంగుల సర్టిఫికెట్టు కోసం. సర్కారు ఆస్పత్రి వరండాలో పొడుగాటి వరస. కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళేసరికి మధ్యాహ్నమైంది. రిటైర్‌మెంట్‌కి దగ్గరపడ్డ మనిషి, చొక్కా చెమటకి తడిసిపోయి ఉంది. నా ఎడమ కంటికి అక్షరాలు చదివించి, "ఒక కన్ను బాగుంటే 30 శాతమే వేస్తామయ్యా. పింఛనుకి 40 ఉండాలి," అన్నాడు.

బావమరిది ఊరుకోడుగా. "మెడ ఆపరేషన్ అయింది సార్. మెదడులో మచ్చలున్నాయి. అవి కూడా కలిపితే?"

"అవి నా బల్ల మీద కలవవు," అని నవ్వి, డాక్టరు టార్చి తీశాడు. చుక్కలు వెయ్యలేదు. కుడికన్ను రెప్ప పైకెత్తి, పక్కనుంచి వెలుగు వేసి, తీరిగ్గా చూశాడు. వెనక వరసలో వాళ్ళు గొణుగుతున్నారు.

"లేజరు చేశారా దీనికి?"

"రెండు రకాలూ అయినాయండీ."

"ప్రెషరెంత?"

"మొన్న ఇరవై రెండు."

"చుక్కలు వేస్తున్నావా, మానేశావా?"

"వేస్తున్నానండీ, పూటకొకటి."

"మానకు," అని నా కాయితం మీద 30 అని వేసి, సంతకం పెట్టి, వెనకాయన్ని రమ్మన్నాడు.